చిన్న ఊరి చర్చిలో క్రిస్మస్ మిస్టరీ: మొదటి పేజీ నుంచి ముడి విప్పేదాకా రాసే పద్ధతి

చర్చి నేపథ్యంలో క్రిస్మస్ మిస్టరీ మొదలుపెట్టాను, మూడో అధ్యాయానికే ఆగిపోయింది, ఏం చేయాలి? ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. ఆగిపోయిన కథలు చదివితే కారణం దాదాపు ఒకటే. నక్షత్రాలు, కేకులు, క్యారల్స్ గోడమీద కాగితం పూలలా ఉంటాయి. నేరం మాత్రం బయటి నుంచి వచ్చి పడుతుంది. పూలు తీసేసినా నేరం అలాగే నిలబడితే అది క్రిస్మస్ కథ కాదు.

నేరం పండుగ పనుల్లోంచే పుట్టాలి. డబ్బు ఎవరు లెక్కపెడతారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఏ రోజు ఏ గది ఎవరు తుడుస్తారు అనేవి తెలిస్తే కథ సగం కుదిరినట్టే. కింది అంచెలన్నిటికీ ఒకే ఉదాహరణ వాడాను: పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక కల్పిత ఊరు, లూథరన్ సంఘం, 2016 క్రిస్మస్.

## 1. ముందు సంఘం ఏదో తేల్చుకోండి

"చర్చి" అని రాసి వదిలేస్తే కుదరదు. సంఘాన్ని బట్టి మాట, అధికారం, కాగితాలు అన్నీ మారతాయి.

లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పాస్టరుగారితో పాటు సంఘ పెద్దలు, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. డబ్బు ఒక్కరి చేతిలో ఉండదు. పాస్టరుగారికి బదిలీ ఉంటుంది, పెద్దలకు ఉండదు. ఈ ఒక్క తేడా మీదే కథ నడపొచ్చు. కొత్తగా వచ్చిన పాస్టరుగారికి ఊరి పాత తగాదాలు తెలియవు కాబట్టి, పాఠకుడితో పాటు ఆయనా తెలుసుకుంటాడు.

కథోలిక విచారణ (ఒక గురువు కింద ఉండే సంఘం) అయితే ఫాదర్‌గారు, అర్ధరాత్రి పూజ, పశువుల పాక వస్తాయి. అక్కడ పాప సంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం మీద కథ కట్టాలని చాలామందికి అనిపిస్తుంది. అందులో విన్నది గురువు ఎట్టి పరిస్థితిలోనూ బయటపెట్టకూడదు. ఆయన నోటి నుంచి ఆధారం రాబట్టే కథ ఆ ఒక్క వాక్యంతోనే కూలిపోతుంది.

బాప్టిస్టు సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. కాబట్టి పాత రిజిస్టరు తిరగేసి ఫలానావాడి పుట్టుక, తల్లిదండ్రులు తెలుసుకునే సన్నివేశం అక్కడ చెల్లదు. లూథరన్, సీఎస్ఐ, కథోలిక రిజిస్టర్లలో చెల్లుతుంది.

స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల స్థలం, భవనం పాస్టరుగారివే. కమిటీ నామమాత్రం. కోశాధికారి మీద అనుమానం అనే దారి అక్కడ మూసుకుపోతుంది, వేరే దారి వెతకాలి.

సరిచూసుకోండి:

□ డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఎంతమంది కూర్చుంటారు?
□ పాస్టరుగారి భార్యను ఊళ్లో ఏమని పిలుస్తారు? మా వైపు పాస్టరమ్మగారు.
□ గంట ఎవరు కొడతారు, ఏ ఆరాధనకు ఎన్నిసార్లు?
□ రిజిస్టర్లు ఏ బీరువాలో ఉంటాయి?

## 2. సంవత్సరం, తేదీ, వారం కాగితం మీద పెట్టండి

క్రిస్మస్ కథకు కేలండరే వెన్నెముక. 25 ఏ వారం వస్తే దాన్నిబట్టి అంతా కదులుతుంది. 2016లో 25 ఆదివారం, కాబట్టి క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆగమన ఆదివారాలూ నవంబరు 27 నుంచి నిండుగా వచ్చాయి. 2017లోనూ 2023లోనూ 25 సోమవారం పడింది. నాలుగో ఆగమన ఆదివారమూ 24 రాత్రి ఆరాధనా ఒకే రోజు. అలాంటి ఏడాది ఎంచుకుంటే పాత్రలకు ఊపిరాడదు. అది కథకు మంచిదే.

2016 ఎందుకు ఎంచుకున్నానంటే, ఆ ఏడాది డబ్బే ఒక చిక్కుముడి. నవంబరు 8 రాత్రి పాత 500, 1000 నోట్లు రద్దయ్యాయి. బ్యాంకు కౌంటరులో మార్పిడి నవంబరు 24తో ఆగిపోయింది. ఖాతాలో జమ చేయడానికి డిసెంబరు 30 దాకా గడువు. పొదుపు ఖాతా నుంచి వారానికి 24,000 రూపాయలకు మించి తీసే వీల్లేదు. ఇక 24 నాలుగో శనివారం, 25 ఆదివారం. 23 సాయంత్రం బ్యాంకు తలుపు మూస్తే మళ్లీ సోమవారం దాకా దిక్కులేదు. పాత్రల చుట్టూ గోడ కట్టే పని కేలండరే చేసిపెట్టింది.

వాతావరణం కూడా ఇప్పుడే రాసుకోండి. డెల్టాలో ఆ రోజుల్లో సాయంత్రం ఐదున్నర దాటిన కాసేపటికే పొద్దు గూకుతుంది, తెల్లవారేది ఆరున్నర ప్రాంతంలో. 25 వేకువ ఆరాధనకు జనం చీకట్లోనే వస్తారు. పొలాల మీద పొగమంచు, సార్వా కోతలు అయిపోయిన మళ్లు. అప్పటికి ధనుర్మాసం కూడా వచ్చేసి ఉంటుంది. రామాలయం మైకులో తిరుప్పావై, చర్చి మైకులో కీర్తన ఒకదాని వెనక ఒకటి వినిపించే ఊళ్లు ఎన్నో. ఎవరు ఎన్ని గంటలకు లేచారో చెప్పడానికి ఆ మైకులే గడియారం.

## 3. నేరాన్ని చిన్నగా పెట్టండి, కానీ పండుగ ఆగేలా

బాలయేసు బొమ్మ మాయమవడం ఇప్పటికే చాలామంది వాడేశారు. కానుకల పెట్టె పగలగొట్టడం పోలీసు కేసు. హత్య పెట్టాలంటే పెట్టొచ్చు, కానీ శవం దొరికాక పిల్లల నాటకం రిహార్సలు మీద ఎవరికీ మనసు నిలవదు.

ఏ నేరాన్నయినా మూడు ప్రశ్నలు అడగండి. దీనివల్ల పండుగలో ఏ పని ఆగుతుంది? ఎవరి పరువు పోతుంది? చేసినవాళ్లు వచ్చే ఆదివారం ఏ బెంచీ మీద కూర్చుంటారు? మూడో ప్రశ్నకు జవాబు దొరకకపోతే అది కోజీ మిస్టరీ (రక్తపాతం లేకుండా, తెలిసిన మనుషుల మధ్య నడిచే మిస్టరీ) కాదు, మామూలు క్రైమ్ కథ.

మన ఉదాహరణలో నేరం ఇది: పెట్టెలో డబ్బు ఒక్క రూపాయి పోలేదు, నోట్లు మారాయి.

క్యారల్ రౌండ్స్‌లో ఇంటింటా వచ్చిన డబ్బు 20వ తేదీ రాత్రి లెక్కపెట్టారు. చిల్లర పక్కన పెడితే వంద నోట్లే 300, మూడు కట్టలు, 30,000 రూపాయలు. 25న ప్రేమ విందుకు వంటవాళ్లకీ షామియానా వాళ్లకీ ఇవ్వాల్సింది అదే. 23 సాయంత్రం పెట్టె తెరిస్తే మొత్తం సరిగ్గా 30,000. అందులో కొత్త రెండు వేల నోట్లు 5, రద్దయిన ఐదు వందల నోట్లు 40. ఆ 20,000 ఎవరూ ముట్టుకోరు. బ్యాంకు లేదు. విందు ఆగింది.

లెక్క ఇంత గట్టిగా ఉండాలి. పాఠకుడు పెన్సిల్ తీసుకుని కూడినా తప్పు దొరకకూడదు.

రిజిస్టరులో పేజీ చింపడం అనే మరో దారీ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలు బీసీ-సీ కింద వస్తారు. కాబట్టి బాప్తిస్మపు పేజీ ఒక ఉద్యోగాన్నే ప్రశ్నార్థకం చేయగలదు. బలమైన కారణమే. కానీ ఆ బరువును కేకుల మధ్య తేలిగ్గా మోయలేరు. మొదటి కథకు వద్దంటాను.

## 4. గదులు, తాళాలు, చెప్పులు

కథ రాసే ముందు చర్చి పటం గీయండి. అందంగా అక్కర్లేదు. ముందు వాకిలి, గంట స్తంభం, బలిపీఠం, వెనక వెస్ట్రీ గది (చర్చి సామాను ఉంచే గది), అందులో బీరువా, పక్కన పాస్టరుగారి ఇల్లు, వెనక సమాధుల తోట.

తాళాలు ఇలా పంచాను. వెస్ట్రీ తాళాలు మూడు: పాస్టరుగారి దగ్గర ఒకటి, కోశాధికారి దగ్గర ఒకటి, వాచ్‌మన్ దగ్గర ఒకటి. రేకు పెట్టె తాళంచెవి బీరువాలోపల మేకుకు వేలాడుతుంది. దాన్ని రహస్యం అని అందరూ అనుకుంటారు, అందరికీ తెలుసు. నిజమైన సంఘాల్లో భద్రత ఇలాగే ఉంటుంది. దుర్భేద్యమైన తాళాలు పెట్టి వాటిని తీయడానికి తంటాలు పడకండి.

మన చర్చిల్లో తేలిగ్గా దొరికే ఆధారం చెప్పులు. లోపలికి వెళ్లేవాళ్లు బయట విప్పుతారు. మెట్ల మీద ఎవరి చెప్పులున్నాయో చూస్తే లోపల ఎవరున్నారో తెలిసిపోతుంది. నాలుగు జతలుండి లోపల ముగ్గురే కనిపిస్తే ఒకరు వెస్ట్రీలో ఉన్నట్టు. ఒక్కసారి, మామూలుగా, వర్ణనలో కలిపి వాడండి.

ఇక పండుగకు ముందు పనుల జాబితా. సున్నం, సీరియల్ లైట్లు, నక్షత్రం కట్టడం, చేమంతి దండలు, ఇత్తడి సిలువా కానుక పళ్లేలూ చింతపండుతో తోమడం. చివరిది గుర్తుపెట్టుకోండి, దాంతో మళ్లీ పనుంది. పళ్లేలు ఉండేదీ పెట్టె ఉండేదీ ఒకే బీరువా.

## 5. ఆరా తీసే మనిషి: ఎవరింటికైనా వెళ్లగలగాలి

ఎస్ఐకి గానీ విలేకరికి గానీ ఆ పని ఇవ్వకండి. వాళ్లు గుమ్మం ఎక్కగానే ఇల్లు సర్దుకుంటుంది. ఎవరి రాక ఎవరికీ వింతగా అనిపించదో ఆ మనిషి కావాలి.

ఉదాహరణలో ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన స్త్రీల సమాజం కార్యదర్శి. బీపీ మిషను సంచిలో వేసుకుని సగం సంఘం ఇళ్లకు వెళుతుంది. చిన్నవాళ్లకు సిస్టరమ్మ, పెద్దవాళ్లకు ఏమే.

పైగా క్యారల్ రౌండ్స్ ఉన్నాయి. ఇంతకంటే మంచి విచారణ పద్ధతి ఏ డిటెక్టివ్‌కూ దొరకలేదు. రాత్రిపూట ప్రతి ఇంటి గుమ్మంలో పది నిమిషాలు నిలబడే హక్కు, చేతికి టీ గ్లాసు, ఇంటివాళ్లే ఇచ్చే కవరు, కవరు మీద పేరు. ఏ ఇంటి నుంచి ఎంత, ఏ నోటు వచ్చిందో పుస్తకంలో రాసే పని ఆమెదే అయితే ఇంకేం కావాలి?

రౌండ్స్ అయిపోయాకే నేరం బయటపడింది కాబట్టి, ఆమె మొదటి రాత్రులు గుర్తు తెచ్చుకుంటూ ఆ పుస్తకాన్ని మళ్లీ చదువుతుంది. పుస్తకంలో ఒక్క రెండు వేల నోటూ లేదు. అక్కడ మొదటి ముడి వదులవుతుంది.

## 6. రెండు చేతులు: తప్పుదారి కూడా నిజమే అవ్వాలి

అనుమానితుడిగా నిలబెట్టిన మనిషి ఊరికే అమాయకుడని తేలితే పాఠకుడు మోసపోయాననుకుంటాడు. అతడూ ఏదో ఒకటి చేసి ఉండాలి, కానీ మనం వెతుకుతున్నది కాకూడదు.

కోశాధికారికి కిరాణా కొట్టుంది. ఆ డిసెంబరులో రెండు వేల నోటు తెచ్చిన ప్రతి ఒక్కరికీ చిల్లర ఇవ్వలేక కొట్టు కూర్చుండిపోయింది. 21వ తేదీ బుధవారం ఆయన పెట్టెలోంచి వంద నోట్ల కట్ట ఒకటి తీసుకుని రెండు వేల నోట్లు ఐదు పెట్టాడు. లెక్క సరిపోయింది, దొంగతనం అనుకోలేదు. కానీ ఎవరికీ చెప్పలేదు.

22 గురువారం, పళ్లేలు తోమే రోజు. డెబ్బై దాటిన ఒక ముసలామె మిగిలిన రెండు కట్టలు తీసి తన పాత ఐదు వందల నోట్లు 40 పెట్టింది. పాలమ్మి దాచుకున్న డబ్బు, మనవరాలి నర్సింగు ఫీజుకి. కొడుక్కి తెలిస్తే మిగలదు, ఆ కొడుకే సంఘ పెద్దల్లో ఒకడు. ఆమెకు బ్యాంకు ఖాతా లేదు. చర్చికి ఖాతా ఉంది కదా, వాళ్లు వేసుకుంటారు, దేవుడి డబ్బు దేవుడికే ఉంటుంది అనుకుంది. 24 బ్యాంకు సెలవని ఆమెకు తెలియదు.

ఇప్పుడు అబద్ధం ఎవరు చెప్పాలో చూడండి. కోశాధికారిని అడిగితే "గురువారం రాత్రి చూశాను, మూడు కట్టలూ ఉన్నాయి" అంటాడు, తన కట్ట సంగతి దాచడానికి. ఆ ఒక్క అబద్ధం వల్ల అందరూ తప్పు రోజు వెతుకుతారు. కథ మధ్యభాగం బరువంతా ఈ వాక్యం మీదే నిలుస్తుంది.

## 7. ఆధారాన్ని మాటల మధ్య దాచండి

మూడు ఆధారాలు చాలు. మన కథలో అవి మందం, పులుపు, మౌనం.

మందం: 300 నోట్లు మూడు కట్టలు. 45 నోట్లు సగం కట్ట కూడా కాదు. 20 రాత్రి పెట్టె మోసిన కుర్రాడు మూత పట్టక నొక్కి మూశాడు. 23 ఉదయం పాస్టరమ్మగారు దాన్ని ఒక్క చేత్తో జరిపి కింద ముగ్గుపిండి ఊడ్చింది. ఈ రెండూ వేర్వేరు అధ్యాయాల్లో, వేర్వేరు పనుల మధ్య రావాలి.

పులుపు: పాత నోట్ల అంచున చింతపండు మరక.

మౌనం: విందు ఆగిందని అందరూ మండిపడుతుంటే, ఎప్పుడూ నోరు ఆగని ఒకామె ఏమీ అనదు.

ఆధారాన్ని పేరా మొదట్లో గానీ చివర్లో గానీ పెట్టకండి, కన్ను అక్కడే ఆగుతుంది. నడుమన పెట్టి, వెంటనే ఇంకో మాట వేయండి. ఇలా:

> "పండక్కి ఏం చేశావు పిన్నీ?" బీపీ పట్టీ బిగిస్తూ అడిగింది సిస్టరమ్మ.
> "ఏం చేస్తానే, గులాబీ పువ్వులు రెండు డబ్బాలు, చక్రాలు ఒక డబ్బా. నిన్నంతా ఆ కానుక పళ్లేలు తోముతూనే సరిపోయింది. చింతపండుకి వేళ్లు చూడు, ఎలా పగిలాయో."
> "కొబ్బరినూనె రాసుకో. నూట డెబ్బై ఉంది బీపీ. ఉప్పు చేప మానెయ్యమన్నానా?"
> "పండగెళ్లనీ, మానేస్తాను."

పళ్లేల మాట పిండివంటలకూ ఉప్పు చేపకూ మధ్య నలిగిపోయింది. పెరిగిన బీపీ కూడా ఆధారమే, కానీ చదివేవాళ్లు దాన్ని చేప ఖాతాలో వేస్తారు.

## 8. అధ్యాయాల వరుస

పది అధ్యాయాలు సరిపోతాయి. మొదటి రెండు క్యారల్ రాత్రులు: మనుషులు, ఇళ్లు, ఒకరిమీద ఒకరికి ఉన్న పాత అలకలు. మూడోది 20 రాత్రి లెక్క. నాలుగోది పనుల హడావుడి, 21, 22 తేదీలు కలిపి, నేరం జరిగినా పాఠకుడికి కనపడకుండా. ఐదోదిలో పెట్టె తెరుస్తారు. ఐదుకంటే ఆలస్యం చేయకండి.

ఆరు, ఏడు కోశాధికారి చుట్టూ తిరుగుతాయి. ఎనిమిదిలో ఆయన కొట్టు సంగతి బయటపడి, అందరూ ముడి విడిందనుకుంటారు. కానీ ఆయన పెట్టిన నోట్లు ఐదే. మిగతా 40 ఎవరివి? ఈ ప్రశ్న ఎనిమిదో అధ్యాయం ఆఖరి వాక్యం. తొమ్మిది 24 సాయంత్రం, పది 25 వేకువ.

పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లలేదో ఐదో అధ్యాయంలోనే చెప్పేయండి. పెద్దలు కూర్చుని "పండగెళ్లేదాకా గడప దాటించొద్దు" అనుకుంటే చాలు. లేకపోతే ప్రతి పేజీలోనూ చదివేవాడు అదే అడుగుతాడు.

## 9. ముడి విప్పడం: నలుగురిలో వద్దు

సంఘమంతా కూర్చోబెట్టి నేరస్థుణ్ణి వేలెత్తి చూపే సన్నివేశం చిన్న ఊరికి పనికిరాదు. సిస్టరమ్మ ఒంటరిగా, బీపీ మిషనుతో వెళ్లాలి. నువ్వే తీశావా అని అడగకూడదు కూడా. "పిన్నీ, ఆ వంద నోట్లు ఎక్కడ పెట్టావు?" అంటే సరిపోతుంది. ముసలామె లేచి బియ్యం డబ్బా మూత తీస్తుంది.

దిద్దుబాటు కూడా లెక్క ప్రకారమే జరగాలి. రెండు కట్టలు వంటవాళ్లకు వెళతాయి. 40 పాత నోట్లు ఆమెకే తిరిగొస్తాయి. 30లోగా జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిచి వేయాలి, కానీ బ్యాంకు మేనేజరు కొడుక్కి తెలిసినవాడు. అంటే ఆమె చెల్లించే మూల్యం ఆ రహస్యం. కొడుకు ఏమన్నాడో రాయండి. నాలుగు వాక్యాలకు మించొద్దు.

కోశాధికారి తనంతట తాను పాస్టరుగారి దగ్గరికి వెళ్లాలి. పదవి ఉంటుందా ఊడుతుందా అన్నది మీ ఇష్టం. నేనైతే ఉంచుతాను, తాళంచెవి మాత్రం మేకు మారుస్తాను.

## 10. తరచూ వచ్చే తప్పులు, దిద్దుబాట్లు

మంచు కురవడం, చలిమంట పొయ్యి, టర్కీ కోడి: కొట్టేయండి. పొగమంచు, గడ్డిమంట, కోడి పలావు, పెరుగు చట్నీ, అరిసెలు పెట్టండి.

ప్రసంగం మొత్తం రాయడం: రెండు వాక్యాలు చాలు, మిగతా సమయంలో ఎవరు ఎవరివైపు చూశారో రాయండి.

అందరూ ఒకే భాష మాట్లాడటం: పెద్దవాళ్ల నోట పాత అనువాదపు బైబిలు భాష, "వందనాలండీ" ఉంటుంది. కుర్రాళ్లు "ప్రైజ్ ద లార్డ్ అన్నా" అంటారు. గోదావరి "ఆయ్" ప్రతి వాక్యానికీ తగిలించకండి, వెక్కిరింపులా ఉంటుంది.

పేటను దాటేయడం: చాలా ఊళ్లలో చర్చి ఏ పేటలో ఉందన్నది కులం చెప్పే మాటే. దాన్ని కథాంశం చేయకపోయినా ఇళ్లు, దారులు, ఎవరు ఎవరింట్లో టీ తాగుతారన్నది నిజంగా ఉండాలి.

హిందూ ఇరుగుపొరుగు లేకపోవడం: షామియానా వాడు, పూలమ్మి, లైట్లబ్బాయి ఎవరు మరి? సంఘం రహస్యాలు సంఘంవాళ్లకంటే వాళ్లకే ముందు తెలుస్తాయి.

## 11. పంపే ముందు

□ ప్రతి తేదీ పక్కన వారం రాసి ఆ ఏడాది కేలండరుతో సరిచూశారా?
□ పెట్టెలో నోట్లు ప్రతి దశలోనూ కూడి చూశారా? 300 వందలు; 200 వందలు, 5 రెండు వేలు; 5 రెండు వేలు, 40 పాత ఐదు వందలు. మూడుసార్లూ 30,000 రావాలి.
□ మూడు ఆధారాలూ ఎనిమిదో అధ్యాయం లోపే పాఠకుడి కంటపడ్డాయా?
□ ఆ సంఘంలో పెరిగిన ఒకరితో చదివించారా? కథ బాగుందా అని అడగొద్దు. "ఇక్కడ ఇలా చేయరు" అనిపించిన చోట గీత పెట్టమనండి.
□ పాత్రల పేర్లు మీ ఊరి చర్చి పునాదిరాయి మీదవో, సమాధుల మీదవో కావు కదా? ఒక్కటి కలిసినా మార్చండి. ఇంటిపేరు మార్చితే చాలదు.